పాత కంప్యూటరుకు కొత్త మెమొరీ: జత కుదిరేదెలా?

మీ ఇంట్లో ఏడెనిమిదేళ్ల నాటి కంప్యూటరు ఉందా? ఉంటే ఈ అనుభవం మీకు తెలిసే ఉంటుంది. కొన్న కొత్తలో చకచకా పనిచేసిన ఆ యంత్రం ఇప్పుడు ఒక వీడియో పాఠం, నాలుగు వెబ్ పేజీలు కలిపి తెరిస్తే చాలు, నత్తనడక నడుస్తుంది. తెర మీద చిన్న చక్రం గిరగిరా తిరుగుతూనే ఉంటుంది. పెట్టెలోంచి గరగరమని చప్పుడు వస్తుంది. “ఇక దీని పని అయిపోయింది, పాత సామాన్లవాడికి ఇచ్చేద్దాం” అని ఇంట్లో ఎవరో ఒకరు అంటారు.

కాస్త ఆగండి! ఆ కంప్యూటరులోని ప్రాసెసరు కొన్ననాడు సెకండుకు ఎన్ని లెక్కలు చేసేదో, ఈనాడూ దాదాపు అన్నే చేస్తుంది. మారింది ప్రాసెసరు కాదు, మనం దానికి అప్పగించే పని. ఒక్కొక్కసారి మీ పెన్నంత పొడవున్న ఒక చిన్న పలకను లోపల చేర్చితే చాలు, ఆ యంత్రం మళ్లీ హుషారుగా పనిచేస్తుంది. ఆ పలకే మెమొరీ, అంటే ర్యామ్.

అయితే ఇక్కడే ఒక చిక్కు ఉంది. అంగడిలో మెమొరీ పలకలన్నీ చూడడానికి ఒకేలా ఉంటాయి. మీ కంప్యూటరుకు పనికివచ్చేవి వాటిలో కొన్ని మాత్రమే. 2025 చివరి నెలల్లో మెమొరీ ధరలు బాగా పెరిగాయి కూడా. తెలియక తప్పు పలక కొంటే డబ్బు దండగే. మరి సరైనది ఏదో ఎలా తెలుస్తుంది?

వంటగట్టు, సామాన్ల గది

ముందుగా మెమొరీ చేసే పనేమిటో చూద్దాం. మీ ఇంట్లో వంట జరిగే తీరు గుర్తు తెచ్చుకోండి. బియ్యం, పప్పులు, నూనె సామాన్ల గదిలో ఉంటాయి. ఆ పూటకు కావలసినవి మాత్రమే అమ్మ వంటగట్టు మీద పెట్టుకుంటుంది. గట్టు పెద్దదైతే అన్నీ చేతికి అందుతాయి. చిన్నదైతే? ఒక డబ్బా తెచ్చుకోవడానికి ఇంకో డబ్బాను లోపల పెట్టి రావాలి. వంట చేసే సమయం కంటే తిరిగే సమయమే ఎక్కువవుతుంది.

కంప్యూటరులో సామాన్ల గది హార్డ్ డిస్కు. వంటగట్టు ర్యామ్. వండే మనిషి ప్రాసెసరు. ర్యామ్ నిండిపోయినప్పుడు కంప్యూటరు అందులోని కొంత సమాచారాన్ని డిస్కు మీదికి తరలించి, ఖాళీ అయిన చోట కొత్తది పెడుతుంది. మీకు వినిపించే ఆ గరగర చాలాసార్లు ఈ తిరుగుడు చప్పుడే!

ఈ తిరుగుడు ఎంత ఖరీదైనదో లెక్క వేద్దాం. మామూలు హార్డ్ డిస్కు నిమిషానికి 7,200 సార్లు తిరుగుతుందనుకోండి. అంటే సెకండుకు 120 సార్లు. ఒక చుట్టుకు పట్టే కాలం 1/120 సెకండు, అంటే 8.33 మిల్లీసెకండ్లు. మనకు కావలసిన సమాచారం సూది కిందికి రావడానికి సగటున అర చుట్టు పడుతుంది. సూది సరైన వలయం దగ్గరకు జరిగే సమయం కూడా కలిపితే మొత్తం సుమారు 10 మిల్లీసెకండ్లు. ర్యామ్ నుంచి సమాచారం అందడానికి సుమారు 100 నానోసెకండ్లు చాలు. నానోసెకండు అంటే సెకండులో వంద కోట్ల వంతు. భాగించి చూడండి: తేడా లక్ష రెట్లు!

గట్టు మీది డబ్బా అందుకోవడానికి ఒక సెకండు పట్టిందనుకుంటే, సామాన్ల గదికి వెళ్లి రావడానికి లక్ష సెకండ్లు, అంటే దాదాపు 28 గంటలు పడుతుందన్నమాట. హార్డ్ డిస్కుకు బదులు తిరిగే భాగాలు లేని ఎస్‌ఎస్‌డీ ఉంటే ఇదే లెక్కలో పావుగంట పైచిలుకు పడుతుంది. ఎంతో మేలే, కానీ అదీ గట్టుకు సాటి రాదు.

కారే కుండలు

ఇక మెమొరీ చిప్పు లోపలికి వెళదాం. అందులో ఒక్కొక్క బిట్టును, అంటే 0 లేక 1 ని, దాచడానికి ఒక అతి చిన్న కెపాసిటరు, దానికి వాకిలిగా ఒక ట్రాన్సిస్టరు ఉంటాయి. కెపాసిటరులో విద్యుదావేశం ఉంటే 1, లేకపోతే 0. ఇంత సులువైన ఏర్పాటును 1966లో అమెరికాలోని ఐబీఎం సంస్థలో రాబర్ట్ డెనార్డ్ అనే ఇంజనీరు కనిపెట్టారు. 1968లో దానికి పేటెంటు లభించింది. 1970లో ఇంటెల్ కంపెనీ అమ్మకానికి తెచ్చిన 1103 అనే చిప్పులో బిట్లు 1,024 ఉండేవి. ఈనాటి 8 జీబీ పలకలో 6,871 కోట్లకు పైగా ఉంటాయి!

అయితే ఈ కెపాసిటర్లు చిల్లు పడ్డ కుండల వంటివి. నీరు కారిపోయినట్లు వాటి ఆవేశం కారిపోతూ ఉంటుంది. అందుకని అది పూర్తిగా పోకముందే ప్రతి గడినీ చదివి మళ్లీ నింపుతూ ఉండాలి. డీడీఆర్4 రకం మెమొరీలో మామూలు వేడిమి వద్ద ప్రతి 64 మిల్లీసెకండ్లకూ అన్ని గడులనూ ఒకసారి నింపాలి. కరెంటు పోగానే ర్యామ్‌లోని సమాచారం చెరిగిపోవడానికి కారణం ఇదే.

నింపమనీ, చదవమనీ, రాయమనీ ఆజ్ఞలు ఇచ్చేది మెమొరీ కంట్రోలరు. ఈనాటి కంప్యూటర్లలో అది ప్రాసెసరులోనే ఉంటుంది. ఆజ్ఞ ఏ తీగ మీద, ఎంత వోల్టేజితో, ఏ క్షణంలో వస్తుందో పలకకు ముందే తెలిసి ఉండాలి. జత కుదరడం అంటే అసలు అర్థం ఇదే: కంట్రోలరూ పలకా ఒకే పద్ధతిలో మాట్లాడుకోవాలి. దీనికి అయిదు విషయాలు చూడాలి.

మొదటిది: తరం

మెమొరీ ప్రమాణాలను జెడెక్ అనే సంస్థ నిర్ణయిస్తుంది. డీడీఆర్3 ప్రమాణం 2007లోనూ, డీడీఆర్4 2012లోనూ, డీడీఆర్5 2020లోనూ వెలువడ్డాయి. వీటి వోల్టేజీలు వరసగా 1.5, 1.2, 1.1 వోల్టులు. డెస్క్‌టాప్ పలకకు డీడీఆర్3 అయితే 240 పిన్నులు, డీడీఆర్4, డీడీఆర్5 అయితే 288 పిన్నులు ఉంటాయి. ఒక తరం పలక ఇంకో తరం గాడిలో పనిచేయదు. పొరపాటున ఎవరూ దూర్చకుండా పలక అంచున ఒక గంటు పెట్టారు. ప్రతి తరానికీ ఆ గంటు చోటు వేరు. పలక కూర్చోకపోతే బలంగా నొక్కకండి. “నేను నీ కంప్యూటరుకు చెందినదాన్ని కాదు” అని అది చెబుతోందన్నమాట!

రెండవది: ఆకారం

డెస్క్‌టాప్ పలక పొడవు సుమారు 133 మిల్లీమీటర్లు. ల్యాప్‌టాప్ పలక అందులో దాదాపు సగమే. ఒకదాని చోట రెండవది పట్టదు. కొన్ని పలుచని ల్యాప్‌టాపుల్లో మెమొరీ చిప్పులను బోర్డుకే టంకం వేసి అతికిస్తారు. వేరే గాడి కూడా లేకపోతే వాటికి మెమొరీ చేర్చే వీలు లేదు.

మూడవది: రకం

గంటు సరిపోయినా కుదరని సందర్భాలు ఉన్నాయి. పెద్ద కార్యాలయాల సర్వర్లలో వాడే “రిజిస్టర్డ్” మెమొరీ పాతది ఒక్కొక్కప్పుడు చవకగా దొరుకుతుంది. డీడీఆర్4లో అది ఇంటి కంప్యూటరు గాడిలోనూ చక్కగా కూర్చుంటుంది, కానీ యంత్రం మేలుకోదు. అలాగే డీడీఆర్3లో 1.35 వోల్టులతో నడిచే డీడీఆర్3ఎల్ అనే రకం ఉంది. దాన్నే కోరే ల్యాప్‌టాపుల్లో 1.5 వోల్టుల పలక పనిచేయదు. కనుక చీటీ మీద ప్రతి అక్షరమూ చదవాలి.

నాలుగవది: వేగం

చీటీ మీద డీడీఆర్4-3200 అని ఉందనుకోండి. అంటే సెకండుకు 3,200 మిలియన్ల సార్లు సమాచారం అందించగలదని అర్థం. ఒక్కొక్కసారికి 64 బిట్లు, అంటే 8 బైట్లు వెళ్తాయి. 3,200ను 8తో గుణిస్తే 25,600. అందుకే అదే పలక మీద పీసీ4-25600 అని కూడా రాస్తారు. సెకండుకు 25,600 మెగాబైట్లు అన్నమాట.

మీ కంప్యూటరులో 2400 పలక ఉండి, కొత్తగా 3200 పలక చేర్చితే ఏమవుతుంది? జోడెడ్ల బండిని తలచుకోండి. ఒక ఎద్దు ఎంత ఉరికేదైనా రెండవ ఎద్దుతో సమంగా నడవవలసిందే. అలాగే రెండు పలకలూ 2400 వేగంతోనే నడుస్తాయి. ఎక్కువ వేగానికి పెట్టిన ఎక్కువ డబ్బు వృథా. సమానమైన రెండు పలకలను సరైన గాళ్లలో పెడితే మాత్రం ఒక లాభం ఉంది. చాలా కంప్యూటర్లు ఆ రెండింటి నుంచీ ఒకేసారి సమాచారం తీసుకుంటాయి.

అయిదవది: హద్దు

ప్రతి బోర్డుకూ ఇంత మెమొరీ వరకే అని ఒక హద్దు ఉంటుంది. అది బోర్డుతో వచ్చిన చిన్న పుస్తకంలో రాసి ఉంటుంది. ఇంకో హద్దు గణితానిది. పాత 32 బిట్ల విండోస్‌లో ప్రతి బైటు చిరునామా 32 బిట్ల సంఖ్య. అలాంటి చిరునామాలు 2ను 32 సార్లు గుణిస్తే వచ్చేటన్ని, అంటే 4,29,49,67,296 మాత్రమే. ఇది సరిగ్గా 4 జీబీ. పల్లెలో 99 ఇళ్లకే నంబర్లు ఉంటే నూరవ ఇంటికి ఉత్తరం చేరదు కదా! అలాంటి విండోస్ ఉన్న కంప్యూటరులో 8 జీబీ పెట్టినా సగం వృథాయే.

ముందు రోగం, తరువాత మందు

మెమొరీ చేర్చుకోవడం కొత్త సంగతి కాదు. 1984లో మన దేశంలో పాఠశాలలకు కంప్యూటర్లు పరిచయం చేసిన “క్లాస్” పథకంలో బీబీసీ మైక్రో అనే బ్రిటిష్ కంప్యూటరును వాడారు. దాని ఎ మోడలుకు 16 కిలోబైట్లు, బి మోడలుకు 32 కిలోబైట్లు మెమొరీ ఉండేది. మెమొరీ చిప్పులు, మరికొన్ని భాగాలు చేర్చి ఎ ను బి గా మార్చుకునే వీలుండేది. 8 జీబీ అంటే ఆ 32 కిలోబైట్లకు 2,62,144 రెట్లు!

కానీ అన్ని జబ్బులకూ మెమొరీ మందు కాదు. విండోస్‌లో కంట్రోల్, షిఫ్ట్, ఎస్కేప్ మీటలు కలిపి నొక్కితే టాస్క్ మేనేజర్ తెరుచుకుంటుంది. అందులో పెర్ఫార్మెన్స్, ఆ తరువాత మెమొరీ ఎంచుకోండి. మొత్తం ఎంత, వాడుతున్నది ఎంత, వేగం ఎంత, ఎన్ని గాళ్లు నిండాయి అన్నవి అక్కడే కనిపిస్తాయి. మీరు రోజూ చేసే పనులన్నీ తెరిచి చూడండి. మెమొరీ 90 శాతం దాటి నిండుతుంటే కొత్త పలక మేలు చేస్తుంది. సగమే నిండి, డిస్కు మాత్రం 100 శాతం చూపిస్తుంటే మెమొరీ కొనకండి. హార్డ్ డిస్కుకు బదులు ఎస్‌ఎస్‌డీ పెట్టడం మంచిది.

ఇంకో మాట. విండోస్ 10కు మామూలు మద్దతు 2025 అక్టోబరు 14తో ముగిసింది. విండోస్ 11కు కనీసం 4 జీబీ మెమొరీతో పాటు, ఒప్పుకున్న ప్రాసెసరు కూడా కావాలి. మెమొరీ పెంచినంత మాత్రాన ప్రాసెసరు మారదు. అలాంటి యంత్రంలో ఉచితంగా దొరికే లినక్స్ వేసుకోవచ్చు.

అమర్చేటప్పుడు జాగ్రత్త

ఈ పని పెద్దల సమక్షంలో చేయండి. కంప్యూటరు ఆపి, ప్లగ్గు తీసి, స్విచ్చును కొన్ని సెకండ్లు నొక్కి ఉంచండి. లోపల మిగిలిన విద్యుత్తు పోతుంది. కరెంటు సరఫరా చేసే ఇనుప డబ్బాను మాత్రం ఎన్నడూ విప్పకండి. ప్లగ్గు తీసినా అందులో ప్రమాదకరమైన వోల్టేజి నిలిచి ఉండవచ్చు.

తరువాత పెట్టె లోహపు భాగాన్ని చేత్తో తాకండి. ఎందుకంటే నైలాను బట్టల రాపిడికి మన ఒంట్లో స్థిర విద్యుత్తు చేరుతుంది. అది సుమారు 3,000 వోల్టులు దాటితే గాని మనకు చురుక్కుమనదు. చిప్పు పాడవడానికి అంతకంటే ఎంతో తక్కువ చాలు!

పలకను అంచులతో పట్టుకోండి. బంగారు రంగు పిన్నులను ముట్టకండి. గంటు సరిచూసి, రెండు కొసలూ సమంగా నొక్కితే టక్కుమని కూర్చుంటుంది. ల్యాప్‌టాప్ పలకనైతే ఏటవాలుగా దూర్చి, తరువాత కిందికి వంచాలి. కంప్యూటరు పెట్టి చూడండి. తెర వెలగకుండా కూతలు పెడితే పలక సరిగా కూర్చోలేదేమో, జత కుదరలేదేమో చూడాలి. అంగడిలో కొనేముందే “కుదరకపోతే తిరిగి తీసుకుంటారా?” అని అడగడం తెలివైన పని.

మెమొరీ “ఎంత?” అని అడగడం సులువు. “ఏది?” అని అడిగినవారికే ఫలితం దక్కుతుంది. ఇంకో నాలుగేళ్లు పనిచేయగల యంత్రం చెత్తకుప్ప చేరకుండా ఆగుతుంది.

మీరే లెక్క చేయండి

ఒక పలక మీద డీడీఆర్3-1600 అని ఉంది. పీసీ3 పక్కన ఏ సంఖ్య రాయాలి? పైన చెప్పిన పద్ధతిలో చేయండి. 12,800 వచ్చిందా? అయితే మీ ఇంటి కంప్యూటరులోని పలక చీటీని మీరు చదవగలరు!