గుల్ల కట్టని పసి చిప్పలు

ఆల్చిప్ప పిల్ల పుట్టిన తొలి రెండు రోజుల్లోనే గుల్ల కట్టుకోవాలి. అప్పటికి మేత తినే శక్తి ఇంకా రాదు. గుడ్డులో తల్లి నిల్వ చేసిన కొవ్వే దానికి ఆధారం. రెండో రోజు గడిచేసరికి ఒంటి బరువులో దాదాపు 90 శాతం గుల్లే. కొవ్వు అయిపోయేలోగా ఆ పని పూర్తికాకపోతే పిల్ల దక్కదు. సముద్రంలో ఆమ్లత పెరిగితే దెబ్బ తగిలేది సరిగ్గా ఇక్కడే.

గుల్ల దాదాపుగా అంతా కాల్షియం కార్బొనేటే. సముద్రంలో కాల్షియానికి కొదవ లేదు, కొరత కార్బొనేట్‌కే. మనం గాలిలోకి వదిలే కార్బన్ డయాక్సైడ్‌లో సుమారు నాలుగో వంతు సముద్రంలో కలుస్తుంది. అక్కడ పుట్టే హైడ్రోజన్ అయాన్లు కార్బొనేట్‌ను బైకార్బొనేట్‌గా మార్చేస్తాయి. పారిశ్రామిక యుగానికి ముందు 8.2 ఉన్న ఉపరితల జలాల సగటు పీహెచ్ ఇప్పుడు సుమారు 8.1. తేడా స్వల్పంగా కనిపించినా, హైడ్రోజన్ అయాన్లు పావు వంతు పెరిగాయని దాని అర్థం. అలాగని ముగ్గుపిండి మీద నిమ్మరసం పోసినట్టు సముద్రంలో చిప్పలు కరిగిపోతున్నాయనుకోవడం పొరపాటు. నీరు ఇప్పటికీ క్షారమే. ఎదిగిన చిప్ప చాలావరకు తట్టుకుంటుంది. పసిదానికే, గుల్ల కట్టే ఖర్చు పెరిగి, చేతిలో ఉన్న కొవ్వు చాలదు.

ఇది బయటపడింది అమెరికాలోని ఒరెగాన్ తీరంలో. నెటార్ట్స్ బే ఒడ్డున ఉన్న విస్కీ క్రీక్ హేచరీ ఆ ప్రాంతపు సాగుదార్లకు ఆల్చిప్ప పిల్లలను సరఫరా చేస్తుంది. 2007, 2008లలో తొట్టెల్లో పిల్లలు గుంపులుగా చనిపోయాయి. మొదట విబ్రియో బ్యాక్టీరియాను అనుమానించారు. నీటిని శుద్ధి చేసినా చావులు ఆగలేదు. అసలు కారణం గాలివాటంలో దొరికింది. వేసవిలో ఉత్తరపు గాలి పైనీటిని తీరం నుంచి దూరంగా నెడితే అడుగునీరు పైకి పొంగుతుంది. చల్లటి ఆ నీటిలో, కుళ్లిన జీవపదార్థం నుంచి చేరిన కార్బన్ డయాక్సైడ్ ఎప్పుడూ ఎక్కువే. గాలి నుంచి కలిసినది దానికి తోడైంది. 2007లో శాస్త్రవేత్త రిచర్డ్ ఫీలీ బృందం ఓడలో తిరిగి, అలాంటి నీరు తీరానికి చేరువగా వస్తున్నట్టు గుర్తించింది. పిల్లలు పుట్టిన వేళ తొట్టెలో ఏ నీరుందో దాన్నిబట్టే తర్వాతి రోజుల్లో వాటి ఎదుగుదల ఉంటోందని 2012లో వెలువడిన పరిశోధన తేల్చింది. చావు ఆలస్యంగా కనిపించడంవల్లే కారణం అంతకాలం అంతుచిక్కలేదు.

విరుగుడు ఆశ్చర్యమనిపించేంత తేలిక. పగలంతా బేలోని సముద్రపు గడ్డి, నాచు కార్బన్ డయాక్సైడ్‌ను వాడుకుంటాయి కాబట్టి మధ్యాహ్నం దాటాక నీరు తోడుకోవడం, తొట్టెల్లో సోడియం కార్బొనేట్ కలపడం, నీటి రసాయనాన్ని ఎడతెగకుండా కొలవడం. హేచరీలు కోలుకున్నాయి. కానీ ఈ వైద్యం తొట్టె గోడ దాటదు. రాతికి అంటుకుని బతికే మస్సెల్స్‌కు పట్టునిచ్చే దారాలు ఇలాంటి నీటిలో బలహీనపడతాయని ప్రయోగాల్లో తేలింది. వాటికి సోడా కలిపేవారెవరూ లేరు. పైగా ఇప్పుడు పొంగుతున్న అడుగునీరు దశాబ్దాల కిందట గాలిని తాకి మునిగినది. అంతకంటే ఎక్కువ కార్బన్ డయాక్సైడ్ ఉన్న ఇవాళ్టి గాలిని తాకి మునుగుతున్న నీరు పైకి రావడానికి ఇంకా దశాబ్దాలు పడుతుంది.