కోనసీమ కొబ్బరి: పరిశోధన, భూస్వాముల కర్తవ్యము

విశ్వవిద్యాలయ మనగానే మనవారికి పరీక్షలును, పట్టములును, ఉద్యోగములును జ్ఞప్తికి వచ్చుచుండును. కాని యొక విద్యాపీఠము విలువను దాని పట్టభద్రుల సంఖ్యనుబట్టి గాక, అది క్రొత్తగా కనుగొన్న విషయములనుబట్టియు, అవి ప్రజల జీవనమునకు చేకూర్చిన మేలునుబట్టియు నిర్ణయించుట న్యాయము. ఈ కొలతతో చూచినచో, కోనసీమవాసులు తమ యింటి ప్రక్కనున్న విజ్ఞానస్థానమును తగినంతగా గుర్తింపలేదని చెప్పక తప్పదు. అంబాజీపేట యనిన కొబ్బరి బజారు మాత్రమే చాలమంది యెఱుగుదురు. ఆ యూరనే డాక్టరు వై.యస్.ఆర్. ఉద్యాన విశ్వవిద్యాలయమువారి పరిశోధనాలయము కలదు. అచట జరుగు పనులెన్ని తెఱగులవో, వానితో మనకేమి నిమిత్తమో యోచించుట యీ వ్యాసముద్దేశము.

1852లో ధవళేశ్వరము ఆనకట్ట పూర్తియైనది మొదలు డెల్టాభూములకు నీరు నిలుకడగా లభించెను. నీటిశాస్త్రము నాడు పరప్రభుత్వపు ఇంజనీర్ల చేతిలో నుండెను. స్వరాజ్యము వచ్చిన పిమ్మట పంటలశాస్త్రము మన చేతికి వచ్చినది. 1964లో వ్యవసాయ విశ్వవిద్యాలయమును, 2007లో వేంకటరామన్నగూడెమున ఉద్యాన విశ్వవిద్యాలయమును ఏర్పడినవి. పరాయివాడు చేయలేదని నిందించుటకు ఇక మనకు తావులేదు. చేసికొన్నది వినియోగించుకొనమియే మనకు మిగిలిన లోపము.

కొబ్బరి పరిశోధన కష్టసాధ్యము. వరియందైనచో క్రొత్త సంకరము తరువాతి తరమును కొలదినెలలలోనే చూడవచ్చును. కొబ్బరియందు కాయను నాటి, మొలక తీసి, మొక్కను పెంచి, అది కాపునకు వచ్చి స్థిరపడువఱకు గమనింపవలెను. పొడవురకములు కాపునకు వచ్చుటకే 6 మొదలు 8 సంవత్సరములు పట్టును. ఒక శాస్త్రజ్ఞుడు ప్రారంభించిన పనికి ఫలితము చూచునది తరచుగా అతని శిష్యుడు. ఇట్టి పనికి ధనముకంటె ఓర్పు ముఖ్యము.

ఈ యోర్పునకు ఫలము గంగాబొండము కథయందు కనబడును. గంగాబొండము మన యాంధ్రదేశపు పొట్టిరకము, త్వరగా కాపునకు వచ్చునది. అంబాజీపేటవారు దానినుండి మేలైన చెట్ల నేర్చి గౌతమీగంగను వెలువరించిరి. ఇది లేతబొండములకు తగిన రకము. తూర్పుకోస్తా పొడవురకమునకు గంగాబొండపు పుప్పొడి చేర్చి గోదావరిగంగ యను సంకరమును పుట్టించిరి. గంగాబొండమును తల్లిగా గైకొని లక్షదీవుల రకముతో అభయగంగను, ఫిలిప్పీను రకముతో వశిష్ఠగంగను కల్పించిరి. కేరళ వ్యవసాయ విశ్వవిద్యాలయమువారి కేరగంగ, లక్షగంగలకును గంగాబొండమే జనకము. మన పెరటిచెట్టు పొరుగు రాష్ట్రములకు విత్తనమిచ్చుట గర్వింపదగిన విషయము. ఆ సంకరములు మన పెరళ్లలో ఎన్ని కలవని యెవరికి వారు ప్రశ్నించుకొందురుగాక!

ఇక తెగుళ్ల సంగతి. 1949 నాటి తుపాను పిమ్మట తాటిపాక ప్రాంతమున నొక వింతతెగులు కనబడెను. మొదట ఆకులు మిక్కిలి పెరిగి చెట్టు ఆరోగ్యముగ నున్నట్లు తోచును. తరువాత తల చిన్నదై, కాండము పైకి సన్నగిల్లి, గెలలో మంచికాయల నడుమ గుజ్జులేని చిఱుకాయలు పుట్టును. ఆ యూరి పేరుతోడనే శాస్త్రలోకమున ప్రసిద్ధికెక్కిన యీ తెగులునకు, బాక్టీరియా జాతికి చెందిన ఫైటోప్లాస్మా యను సూక్ష్మజీవితో సంబంధము కలదని పిమ్మట తేలినది. పట్టిన చెట్టును తీసివేయుటయే మార్గము. గానోడెర్మా తెగులు వేళ్లను, మొదలును కుళ్లించునది. దీనికి మాత్రము కొంత యుపాయము కలదు. చెట్టొక్కింటికి ఏటికి 50 గ్రాముల ట్రైకోడెర్మా యను మేలుచేయు శిలీంధ్రమును 5 కిలోల వేపపిండితో కలిపి పాదున వేయవలెను. రోగపుచెట్టు చుట్టును కందకము త్రవ్వి, దాని వేళ్లు ఆరోగ్యవంతమైన చెట్లను తాకకుండ చేయవలెను. మొదట నున్న తెగులును గుర్తించినవానికే యీ యుపాయము ఫలించును. ఆలసించినవానికి గొడ్డలియే గతి.

పురుగులను పురుగులచేతనే యణచుట మఱియొక తెఱగు పరిశోధన. నల్లముట్టె పురుగుపై బ్రాకను, గోనియోజసు అను బదనికలను పెంచి తోటలలో విడుచుచున్నారు. మధ్యామెరికా ప్రాంతపు సర్పిలాకార తెల్లదోమ 2016లో తమిళనాటి పొల్లాచ్చిలో కనబడి, అనతికాలముననే గోదావరి తీరమునకు వచ్చి చేరెను. ఆకుల యడుగున తెల్లని పొర, పైని నల్లని మసి. చూచిన రైతునకు గుండె జారిపోయెను. దొరకిన విషమెల్ల పిచికారి చేసినవారు, దోమకు సహజశత్రువైన ఎన్కార్షియా యను చిఱు కందిరీగనుకూడ చంపుకొనిరి. విషముతో దోమ తాత్కాలికముగా తగ్గి, శత్రువు లేకపోవుటచే మరల విజృంభించును. దోమను తిను రెక్కపురుగులను పెంచుట, ఇసారియా శిలీంధ్రమును లీటరు నీటికి 5 గ్రాముల చొప్పున పిచికారి చేయుట, ఎన్కార్షియా యున్న ఆకులను దానిలేని తోటలకు చేర్చుట — ఇవి శాస్త్రజ్ఞులు చూపిన దారి. ఇది నిజమైన స్వదేశి వైద్యము.

చెట్ల నడుమ వృథాయగు నేలనుగూర్చియు పరిశోధన సాగినది. కొబ్బరివేళ్లలో అధికభాగము మొదలునకు రెండు మీటరుల లోపలనే యుండును. తక్కిన నేల కోకోకును, అరటికిని, కందకును, మిరియపు తీగెకును తగును. కొబ్బరిధర పడిపోయిన యేట అంతరపంటయే సంసారమును నిలుపును.

వరియందును పరిస్థితి యిట్టిదే. వశిష్ఠకు ఆవల మారుటేరులో 1925 నుండి వరి పరిశోధన జరుగుచున్నది. 1982లో అచటినుండి వెలువడిన స్వర్ణ, వంగ ఉత్కళ దేశములవఱకు వ్యాపించెను. అచటిదే యైన కాటన్‌దొర సన్నాలకు ఐ.ఆర్. 64 జనకములలో నొకటి. ఐ.ఆర్. 64 వంశమున పేత యను జావాద్వీపపు వరి కలదు. దానిని డచ్చిపాలనకాలమున చీనా రకముతో లతీసైలు అను వంగదేశపు రకమును కలిపి సృష్టించిరి. వంగదేశపు గింజ జావాకు పోయి, ఫిలిప్పీనులమీదుగా గోదావరికి తిరిగివచ్చినది. విజ్ఞానమునకు సముద్రములు అడ్డుగావు. ఇతరులనుండి గ్రహించుటలో చిన్నతనములేదు. గ్రహించినదానికి మన కృషి చేర్పకుండుటయే చిన్నతనము.

అయినను పరిశోధనాలయము సర్వమును చేయజాలదు. 2011లో కోనసీమ రైతులు సార్వా మాని పంటవిరామము ప్రకటించినది వంగడములు లేకకాదు. గిట్టుబాటు లేకయు, కూలీలు దొరకకయు, మురుగు కదలకయు. రాజోలు ప్రాంతమున శంకరగుప్తము మురుగుకాలువగుండ ఉప్పునీరు ఎగదన్ని కొబ్బరిచెట్లు మోడులైనచో దానికి మందు ప్రయోగశాలయందు లేదు. అది ప్రభుత్వము చేయవలసిన పని. దానికై గట్టిగా నడుగుట ప్రజల హక్కు.

మనము చేయవలసిన పని వేఱుగా కలదు. వరిరకము నెన్నుకొనువాడు తరచుగ కౌలురైతు. కొబ్బరిచెట్టు నాటువాడు మాత్రము భూస్వామి. ఆ నిర్ణయము 60 సంవత్సరములకు కట్టుబాటు. 1996 నవంబరు 6వ తేదీ తుపానులో లెక్కలేని చెట్లు నేలగూలినవి. అట్టి యదనున తిరిగి నాటునపుడు ఏ కాయ దొరకిన ఆ కాయ పాతిపెట్టువాడు తన మనుమలకు నష్టమును వ్రాసియిచ్చుచున్నాడు. నేడు భూస్వాములలో ననేకులు పట్టణములందును, విదేశములందును కాపురముండి తోటలను గుత్తకిచ్చుచున్నారు. గుత్తదారునకు ఈ సంవత్సరపు దింపు ముఖ్యము. రాబోవు తరపు చెట్టుతో వానికి పనిలేదు. పైగా తెల్లదోమకు గట్టు తెలియదు. ఒక తోటలో బదనికలను విడువగా ప్రక్కతోటలో విషము చల్లిన ఫలమేమి? ఒకని పెంటపోగులో కొమ్ముపురుగు పెరిగి పదిమంది తోటల మొవ్వులు తినును. కావున ఊరూర తోటల యజమానులు, గుత్తదారులు, కౌలుదారులు సంఘములుగా నేర్పడి, ఊరంతయు ఒక తోటగా భావించి శాస్త్రజ్ఞుల సలహా నడుపవలెను. కొన్ని యెకరములను ప్రయోగములకు విడిచిపెట్టు భూస్వామి, దేవాలయము కట్టించినవానికి తక్కువవాడు కాడు.

విశ్వవిద్యాలయమువారికిని ఒక మనవి. మీ పరిశోధనాపత్రములు ఆంగ్లమున నుండుట లోకవ్యవహారమున కవసరమే. కాని కొబ్బరి దింపువానికి, పొలము కాపునకు అర్థమగు తెనుగున ఆ విషయములు చెప్పబడిననాడే పరిశోధన ముగిసినట్లు. కరపత్రముతో సరిపుచ్చక, ప్రతి తోటలో రోగము తొలిదశను చూపి బోధింపవలెను.

2022 ఏప్రిలు 4వ తేదీన కోనసీమ ప్రత్యేక జిల్లా యైనది. జిల్లా పేరు వచ్చినంతమాత్రమున జిల్లా బాగుపడదు. అంబాజీపేటలో తరముల తరబడి సంపాదించిన జ్ఞానము అమలాపురమున, రాజోలున, కొత్తపేటలో ప్రతి గట్టుమీదికి చేరినచో కోనసీమ తన చెట్లను తానే కాపాడుకొనగలదు. చేరనిచో, చెట్లు మొదలంట కుళ్లిన పిమ్మట ఎవ్వరిని నిందించినను కాయలు రావు.