వాక్యమా? వాక్యఖండమా?

బిడ్డకు జ్వరము తగిలినదినమున బడికి ఇంగ్లీషున రెండు పంక్తులు వ్రాయవలసివచ్చును. “బికాజ్ మై డాటర్ హాజ్ ఫీవర్” అని వ్రాసి చుక్క పెట్టితిమా, ఉపాధ్యాయినికి కారణము తెలియును గాని, మనము సెలవు కోరితిమో, ఎండలో ఆడనీయవలదంటిమో తెలియదు. ఆ లోపమును మనమే కనిపెట్టుట యెట్లు?

తెలుఁగున “జ్వరము వచ్చినందున” అన్నంతనే మాట ముగియలేదని చెవికే తోఁచును. కొఱఁత తుదనున్న క్రియలోనే కలదు. ఆంగ్లమున నట్లు కాదు. “హాజ్” నిండు క్రియయే. కొఱఁతకు మూలము మొదటనున్న “బికాజ్”. “ఇఫ్”, “ఆల్దో” అనునవియు నిట్టివే.

కావున రెండు ప్రశ్నలు వేసికొనుఁడు. కర్తయు, కాలమును దెలుపు క్రియయు నున్నవా? లేనిచో నది పదబంధము: “ఇన్ ది మార్నింగ్” వంటిది. ఆజ్ఞలందు మాత్రము కర్త పైకి కనఁబడదు: “కమ్ హియర్”. రెండును ఉన్నచో నది ఉపవాక్యము. దాని మొదట “బికాజ్” వంటి పదమున్నదా? ఉన్నచో ప్రధానవాక్యము నాశ్రయింపవలెను. లేనిచో తానే నిలుచును.

మఱియొక జాగ్రత్త. “ఆమె మా చెల్లెలు” అనుటకు మనకు క్రియ యక్కఱలేదు. ఆంగ్లమున “షి ఈజ్ మై సిస్టర్” అని “ఈజ్” ఉండితీరవలెను.

ఇఁక మన లేఖను దిద్దుదము: “మై డాటర్ కెనాట్ కమ్ టు స్కూల్ బికాజ్ షి హాజ్ ఫీవర్.”

ముఖాముఖి సంభాషణమున వాక్యఖండము చెల్లును. ఎదుటివారి ప్రశ్నయే దానిని పూరించును. లేఖ చదువువారికి మన మెదుట నుండము గదా!