కారు ఆయిల్ మనమే మార్చుకుందామా, షెడ్డులో ఇచ్చేద్దామా?

మొన్న గుడివాడ నుంచి ఒక తమ్ముడు ఫోన్ చేశాడు. "అన్నా, ఆయిల్ నేనే మార్చుకోవచ్చా, లేక షెడ్డులో ఇచ్చేయనా?" అన్నాడు. మార్చుకోవచ్చు. నేను నాలుగేళ్ళ నుంచి మార్చుకుంటున్నా. అసలు ఎందుకు మొదలెట్టానో ముందు చెప్తా.

అప్పట్లో బందరులో ఒక షెడ్డులో ఆయిల్ మార్పించా. పేరు చెప్పను. ఇరవై నిమిషాల్లో కానిచ్చేశారు. నాకూ హడావుడే, ఫోన్ చూసుకుంటూ కూర్చున్నా. మర్నాడు అవనిగడ్డ వెళ్తుంటే, పులిగడ్డ దగ్గరికి వచ్చేసరికి డాష్‌బోర్డు మీద ఎర్రలైటు. ఆయిల్ డబ్బా బొమ్మ ఉంటుంది చూడండి, అది. పక్కకి తీసి వెంటనే ఇంజిన్ ఆపేశా. డిప్‌స్టిక్ లాగితే చివర తడి కూడా లేదు! కిందకి వంగి చూస్తే డ్రెయిన్ బోల్టు లూజు. పాత వాషరే మళ్ళీ వేసి, సరిగ్గా బిగించకుండా వదిలేశారు. ఇంకో రెండు మూడు కిలోమీటర్లు నడిపుంటే ఇంజిన్ పట్టేసేదే.

ఒకటి గుర్తుపెట్టుకోండి. ఆ ఎర్రలైటు "ఆయిల్ తగ్గుతోంది" అని ముందే చెప్పేది కాదు. ప్రెషర్ పడిపోయాక వెలుగుతుంది. "ఇంటికెళ్ళి చూద్దాంలే" అనుకోకూడదు.

సరే, ఎలా మార్చాలి? ఇంజిన్ మూడు నాలుగు నిమిషాలు ఆన్‌లో ఉంచి ఆపండి. గోరువెచ్చగా ఉంటే ఆయిల్ బాగా దిగుతుంది, మరీ కాగితే చెయ్యి కాలుద్ది. చదునైన నేల, హ్యాండ్ బ్రేక్, చక్రాలకి ఇటుకలు. కారుతో వచ్చే జాకీ స్టెప్నీ మార్చడానికి మాత్రమే. దాని ఒక్కదాన్ని నమ్ముకుని కారు కింద దూరద్దు, దండం పెడతా. జాక్ స్టాండ్లు ఉండాల్సిందే. వర్షాకాలంలో మన దివిసీమ నల్లమట్టి నేల మీద అసలు పెట్టద్దు, స్టాండు దిగిపోద్ది. సిమెంటు గచ్చు ఉంటేనే చెయ్యండి.

పానాతో డ్రెయిన్ బోల్టు తియ్యండి, పావుగంట కారనివ్వండి. బోల్టుకి కొత్త వాషర్ వెయ్యండి. మరీ బిగిస్తే అల్యూమినియం సంపు మర పోద్ది, అప్పుడు ఖర్చు వేరే లెవెల్. పాత ఫిల్టర్ తీసినప్పుడు దాని రబ్బరు రింగు ఇంజిన్‌కి అంటుకుపోయిందేమో వేలితో తడిమి చూడండి. రింగు మీద రింగు పడితే ఆయిల్ అంతా బయటికి కొట్టేస్తుంది. కొత్త ఫిల్టర్ రింగుకి కాస్త ఆయిల్ రాసి చేత్తోనే బిగించండి. ఏ గ్రేడు, ఎన్ని లీటర్లు అన్నది మీ కారు మాన్యువల్‌లో ఉంటుంది. చెప్పినదానికంటే కొంచెం తక్కువ పోసి, ఇంజిన్ ఒక నిమిషం నడిపి ఆపి, ఐదు నిమిషాలాగి డిప్‌స్టిక్ చూడండి. రెండు గుర్తుల మధ్య ఉండాలి. ఎక్కువ పోస్తే లాభం లేదు, ఆయిల్ నురగ కడుతుంది.

డబ్బులంటారా? ఆయిల్, ఫిల్టర్ ధర ఎక్కడైనా దాదాపు ఒకటే. మిగిలేది కూలి మాత్రమే. పానాలు, స్టాండ్లు కొన్నాక మొదటి ఏడాది ఏమీ మిగలదు. డబ్బుల కోసమే అయితే ఈ పని పెట్టుకోకండి.

ఇప్పుడు నా తప్పు చెప్తా. మొదటిసారి మార్చినప్పుడు కాలిన ఆయిల్ ఏం చెయ్యాలో తెలీలేదు. మా ఇంటి వెనక బోదెలో పోసేశా. రొయ్యల చెరువు చేసే మా పక్కింటి బాబాయ్ చూశాడు.

"ఏరా, ఆ బోదె ఎటు పోద్దో తెలుసా?"

"మురుగు కాలవలోకి కదా బాబాయ్."

"ఆ కాలవ నీళ్ళే కదరా నేను చెరువుకి తోడేది!"

ఏం మాట్లాడతా? తలొంచుకున్నా. మన డెల్టాలో నీళ్ళు ఒకచోట ఆగవు. ఒకరి మురుగు కాలవే ఇంకొకరి చెరువు. ఒక్కసారి మార్చిన ఆయిల్ పది లక్షల గాలన్ల మంచినీళ్ళని పాడు చెయ్యగలదని అమెరికా పర్యావరణ సంస్థ ఈపీఏ చెప్తుంది. మన దేశంలో 2016 నిబంధనల ప్రకారం కాలిన ఆయిల్ ప్రమాదకర వ్యర్థం. సెంట్రింగు రేకులకి రాయడానికి అడుగుతుంటారు, నేనైతే ఇవ్వను. కారిన ఆయిల్‌ని పాత డబ్బాలోనే పోసి, మూత బిగించి, రీసైక్లింగ్‌కి పంపే సర్వీస్ సెంటర్‌లో ఇస్తా. ఆ డబ్బా తీసుకునే చోటు ముందే మాట్లాడుకోకపోతే ఇంట్లో ఆయిల్ మార్చద్దు. షెడ్డుకే వెళ్ళండి.

కారు వారంటీలో ఉన్నా కంపెనీ సర్వీసుకే వెళ్ళండి, బిల్లులు దాచుకోండి. బయట షెడ్డుకెళ్తే మాత్రం కారు పక్కనే నిలబడండి. సీలున్న డబ్బా మీ ముందే తెరవమనండి, డ్రమ్ములోంచి పోసే లూజు ఆయిల్ వద్దనండి. కొత్త ఫిల్టర్, కొత్త వాషర్ కళ్ళతో చూడండి. బయల్దేరే ముందు డిప్‌స్టిక్ మీరే లాగండి. మర్నాడు పొద్దున కారు కింద నేల మీద చుక్కలున్నాయేమో చూడండి. మంచి మెకానిక్ వీటికి ఏమీ అనుకోడు. నేను ఇప్పటికీ బ్రేకులు, క్లచ్ పనికి గుడివాడలో ఒకాయన దగ్గరికే వెళ్తా, అవి నా వల్ల కావు.

ఆ గుడివాడ తమ్ముడు అపార్ట్‌మెంట్‌లో ఉంటాడంట, పార్కింగ్ వాలుగా ఉందంట. షెడ్డుకే వెళ్ళమని చెప్పా.