వక్ఫ్ చట్టం, కోర్టు ఉత్తర్వులు: దాతలు తెలుసుకోవాల్సిన సంగతులు



కొంతకాలంగా దాతలు మమ్మల్ని తరచూ అడుగుతున్న ప్రశ్న ఒకటుంది. "పది సెంట్ల స్థలమో, అరెకరం కొబ్బరి తోటో అల్లా పేరున రాసిస్తే, అది రేపు మసీదుకే ఉంటుందా, ప్రభుత్వం తీసేసుకుంటుందా?" టీవీలో, వాట్సాప్‌లో వచ్చేవాటిలో సగం భయపెట్టేవి, సగం అతిగా ధైర్యం చెప్పేవి. అందుకే అసలు విషయాన్ని తేలిక మాటల్లో మీ ముందు ఉంచుతున్నాం.

వక్ఫ్ అంటే ఆస్తిని అల్లా పేరున శాశ్వతంగా అంకితం చేయడం. దాన్ని అమ్మకూడదు, దానమివ్వకూడదు, వారసులు పంచుకోకూడదు. దాని ఆదాయం మాత్రం మసీదుకో, ఖబరస్తాన్‌కో, పేదలకో చెందుతుంది. దాన్ని చూసుకునే ముతవల్లీ యజమాని కాడు, కాపలాదారు మాత్రమే.

మన దేశంలో ఈ ఆస్తులకు 1995 నాటి వక్ఫ్ చట్టం వర్తిస్తుంది. దాన్ని సవరిస్తూ పార్లమెంటు చేసిన చట్టం 2025 ఏప్రిల్ 8న అమల్లోకి వచ్చింది. దానిపై అనేకమంది సుప్రీంకోర్టుకు వెళ్లారు. అప్పటి ప్రధాన న్యాయమూర్తి జస్టిస్ బి.ఆర్. గవాయ్, జస్టిస్ ఆగస్టిన్ జార్జ్ మసీహ్‌ల ధర్మాసనం 2025 సెప్టెంబరు 15న మధ్యంతర ఉత్తర్వు ఇచ్చింది. మొత్తం చట్టాన్ని ఆపలేదు. లొల్ల లాకుల దగ్గర కొన్ని తలుపులు దించి, కొన్ని ఎత్తి ఉంచినట్టు, కొన్ని నిబంధనలను మాత్రమే నిలిపివేసింది. ఇది తుది తీర్పు కాదన్నది మొదట గుర్తుంచుకోవాలి.

కోర్టు నిలిపివేసినవి

వక్ఫ్ చేసే వ్యక్తి కనీసం అయిదేళ్లుగా ఇస్లాంను ఆచరిస్తున్నట్టు చూపాలన్న షరతు ఉంది. దాన్ని తేల్చే పద్ధతిపై ప్రభుత్వం నియమాలు చేసేవరకు ఆ షరతు అమలు కాదు.

ఒక వక్ఫ్ స్థలం ప్రభుత్వ భూమి అన్న వివాదం వస్తే, ప్రభుత్వం నియమించిన అధికారి విచారించి రెవెన్యూ రికార్డులు మార్పించే వీలు కొత్త చట్టంలో ఉంది. అధికారి నివేదిక వచ్చేవరకు ఆ స్థలాన్ని వక్ఫ్‌గా పరిగణించరాదని కూడా ఉంది. కోర్టు ఈ రెంటినీ ఆపింది. ఆస్తి ఎవరిదో తేల్చడం న్యాయస్థానం పని, రెవెన్యూ అధికారి పని కాదన్నది కారణం. ట్రిబ్యునల్ తేల్చి, ఆపై హైకోర్టు ఉత్తర్వులు వచ్చేవరకు వక్ఫ్‌ను ఖాళీ చేయించకూడదు, రికార్డు మార్చకూడదు. అయితే ఆలోగా ముతవల్లీ కూడా ఆ స్థలంపై మూడో వ్యక్తికి హక్కులు కల్పించకూడదు.

కేంద్ర వక్ఫ్ మండలిలోని 22 మందిలో ముస్లిమేతరులు 4 కంటే, రాష్ట్ర బోర్డులోని 11 మందిలో 3 కంటే మించకూడదని కూడా కోర్టు చెప్పింది.

కోర్టు ఆపనివి

మన జాగ్రత్త ఎక్కువగా ఉండాల్సింది ఇక్కడే.

మొదటిది, రిజిస్ట్రేషన్. తరతరాలుగా నమాజు జరుగుతున్నందువల్ల, ఖననాలు జరుగుతున్నందువల్ల కాగితం లేకున్నా వక్ఫ్‌గా గుర్తింపు పొందే పద్ధతి ఇదివరకు ఉండేది. కొత్త చట్టం దాన్ని ఇకపై తీసేసింది. చట్టం వచ్చేనాటికే బోర్డులో నమోదైనవి వక్ఫ్‌గానే కొనసాగుతాయి, వివాదంలో ఉన్నవి, ప్రభుత్వ భూమి అని తేలినవి తప్ప. వక్ఫ్ వివరాలు సమర్పించాలన్న నియమం 1923 చట్టం నుండే ఉందని, ఇంతకాలం నమోదు చేయించకపోవడానికి సాకు చెప్పలేరని కోర్టు అభిప్రాయపడింది.

రెండవది, ఉమీద్ పోర్టల్. 2025 జూన్ 6న మొదలైన ఈ పోర్టల్‌లో నమోదైన వక్ఫ్‌ల వివరాలన్నీ ఆరు నెలల్లో ఎక్కించాలన్నారు. గడువు పెంచాలని కోరితే డిసెంబరు 1న సుప్రీంకోర్టు ఒప్పుకోలేదు. తగిన కారణం ఉన్నవారు వక్ఫ్ ట్రిబ్యునల్‌ను ఆశ్రయించవచ్చని చెప్పింది.

మూడవది, కాలపరిమితి. ఆక్రమణకు గురైన వక్ఫ్ భూమి కోసం ఎన్నేళ్ల తర్వాతైనా దావా వేసే వెసులుబాటు పాత చట్టంలో ఉండేది. ఇప్పుడు అది లేదు. సొంత ఆస్తికి వర్తించే 12 ఏళ్ల కాలపరిమితి వక్ఫ్‌కూ వర్తిస్తుంది. ఖబరస్తాన్ గట్టు ఏటా జానెడు జరుగుతుంటే "మన ఊరివాడే కదా" అని ఊరుకుంటే, తర్వాత కోర్టుకెళ్లినా దారి ఉండకపోవచ్చు.

కాగితం విలువ చెప్పిన రెండు కేసులు

ఇవి రెండూ మన ఉమ్మడి రాష్ట్రానికి చెందినవే. సయ్యద్ అలీ కేసులో 1998లో సుప్రీంకోర్టు, ఒకసారి వక్ఫ్ అయిన భూమికి ఇనాం రద్దు చట్టం కింద వేరొకరికి పట్టా ఇచ్చినంత మాత్రాన వక్ఫ్ స్వభావం పోదని తీర్పు చెప్పింది. అంకితం చేసిన సంగతి రుజువైంది కనుక వక్ఫ్ నిలిచింది.

హైదరాబాద్ దగ్గరి మణికొండ దర్గా కేసులో అందుకు విరుద్ధంగా జరిగింది. 1989 గెజిట్‌లో ఆ దర్గాకు చూపింది 5,506 చదరపు గజాలు. 2006లో సవరణ ప్రకటన పేరుతో దాన్ని 1,654 ఎకరాల 32 గుంటలుగా చూపారు. 2022 ఫిబ్రవరి 7న సుప్రీంకోర్టు ఆ ప్రకటనను అంగీకరించలేదు. ఆ భూమి ప్రభుత్వానిదే అని తేల్చింది. అసలు సర్వే, అసలు గెజిట్ సరిగా లేనప్పుడు తర్వాత వేసే అతుకు నిలవదని ఈ కేసు చెబుతోంది.

దాతలకు మా విన్నపం

నోటిమాటతో వక్ఫ్ చేసే రోజులు పోయాయి. కొత్త చట్టం ప్రకారం వక్ఫ్‌నామా రాయకుండా కొత్త వక్ఫ్ ఏర్పడదు. ఇచ్చే ఆస్తికి మీరే చట్టబద్ధమైన యజమాని అయి ఉండాలి. ఉమ్మడి ఆస్తి అయితే ముందు పంపకాలు తేల్చుకోండి. అక్కచెల్లెళ్ల, ఆడపిల్లల వాటా ఎగ్గొట్టి ఇచ్చేది పుణ్యం కాదు. కుటుంబం కోసం చేసే వక్ఫ్‌లో ఆడవారసుల హక్కు పోకూడదని చట్టం కూడా ఇప్పుడు స్పష్టంగా చెబుతోంది.

వక్ఫ్ వేరు, సంఘానికి రాసే దానపత్రం వేరు. పత్రంలో ఏ మాట రాశారన్నదాన్ని బట్టి ఏ చట్టం వర్తిస్తుందో మారుతుంది. ముస్లింలు స్థాపించిన ధర్మాదాయ ట్రస్టులు వేరే చట్టం కింద నడుస్తుంటే వాటికి వక్ఫ్ చట్టం వర్తించదని సవరణలో ఉంది. కనుక రాసే ముందే న్యాయవాదిని అడిగి నిర్ణయించుకోండి.

ఇదివరకే ఇచ్చిన భూములున్నవారు అడంగల్‌లో, 1బిలో ఎవరి పేరు ఉందో, రిజిస్ట్రేషన్ నిషేధిత 22ఎ జాబితాలో అది వక్ఫ్‌గా చేరిందో లేదో చూసుకోండి. తాతల నాటి పత్రాలు, శిస్తు రసీదులు, ఎఫ్.ఎం.బి. పటాలు బీరువాలో ఉంటే నకళ్లు తీయించి మసీదు కమిటీకి ఇవ్వండి. మీరు చిత్తుకాగితం అనుకున్నదే రేపు ట్రిబ్యునల్‌లో సాక్ష్యం కావచ్చు.

ఇక మీరిచ్చే జకాత్, సదకా, ఫిత్రా సొమ్ముకు ఈ వివాదంతో సంబంధం లేదు. పేద విద్యార్థి ఫీజు, వితంతువు ఇంటి రేషన్ దీనివల్ల ఆగనక్కర్లేదు, ఆగనివ్వకండి.

కోర్టులో తుది వాదన న్యాయవాదులు చూసుకుంటారు. మన ఊళ్లోని నాలుగు గట్లను, నాలుగు కాగితాలను కాపాడుకోవలసింది మాత్రం మనమే. మన పెద్దలు అప్పగించిన అమానత్‌ను చెక్కుచెదరకుండా మన పిల్లలకు అందించే శక్తిని అల్లా మనందరికీ ప్రసాదించుగాక. ఆమీన్.