వంటచెఱకు నిలువ: ఇంటిలోపల, ఇంటివెలుపల

రోహిణి కార్తె ముగియక మునుపే వంటచెఱకును చక్కబెట్టుకొనని యింట శ్రావణమాసమంతయు పొగయే. మృగశిర ప్రవేశించి తొలకరి పడిన పిమ్మట తడిసిన కట్టెను ఎండబెట్టుటకు ఎండ యుండదు. అది ఆరుదాక కడుపు ఊరకుండదు. కావున ఈ మాసము విత్తనములను గూర్చియు ఋణములను గూర్చియు కాక, దొడ్డిలోని కట్టెలకుప్పను గూర్చి సభ్యులకు కొన్ని సంగతులు విన్నవింపదలచితిమి.

గ్యాసు వచ్చిన తరువాత కట్టెల ప్రసంగ మేల యని కొందఱడుగవచ్చును. 1999లో ఉమ్మడి ఆంధ్రప్రదేశమున దీపము పథకమును, 2016లో దేశమంతట ఉజ్జ్వల పథకమును ఆరంభమైన పిదప పల్లెలలో గ్యాసుబండలు విస్తరించినమాట నిజమే. అయినను నీళ్లు కాచుటకు, ఎడ్లకు ఉలవలు ఉడికించుటకు, పెండ్లివంటలకు, బండ నిండుకొన్న దినములకు నేటికిని కట్టెయే దిక్కు.

పల్లెల మాట యటుండనిండు. హైదరాబాదునకు వాయవ్యమున నున్న ప్రగతి నగరును చూడుడు. 2019లో నిజాంపేట నగరపాలక సంస్థ ఏర్పడినపుడు నిజాంపేట, బాచుపల్లి గ్రామములతో కూడ ఆ యూరును అందు చేరెను. అది యిప్పుడు మేడల యూరు. అట్టి చోట్లనే మేడలు కట్టుటకు మన పల్లెలనుండి వలసపోయిన కూలివారు రేకుల గుడిసెల ముందు మూడు రాళ్లు పెట్టి వండుకొనుచుందురు. వారికి చేరువలో దొరకునది సెంట్రింగు చెక్కల ముక్కలు, ప్లైవుడు పేళ్లు, రంగు వేసిన తలుపుల తునకలు. సెంట్రింగు చెక్కకు నూనె పూసియుందురు. ప్లైవుడునందు జిగురు మందులుండును. పాత రంగులలో సీసముండుటయు కలదు. ఇవి వంటపొయ్యిలో పెట్టదగినవి కావు. మన యిండ్లనుండి పట్టణము పోయినవారికి ఈ యొక్క సంగతియైనను తప్పక తెలుపవలెను. గన్నేరు కొమ్మలును ఇట్టివే. అవి పచ్చివైనను ఎండినవైనను విషమే.

ఇక పచ్చికట్టె వలని నష్టమెట్టిదో చూతము. అప్పుడు నఱికిన కొమ్మ బరువులో ఇంచుమించు సగము నీరే యుండును. పది కిలోల పచ్చికట్టె పొయ్యిలో పెట్టినచో అందు అయిదు కిలోల నీటిని ముందుగా ఆవిరిచేయవలెను. ఆ మీదటనే కుండకు వేడి. చన్నీటిని మరగించుటకు పట్టు వేడికంటె, మరగిన నీటిని పూర్తిగా ఆవిరిచేయుటకు అయిదురెట్లకు పైగా వేడి పట్టును. అనగా కట్టెలోని వేడిలో కొంతభాగము తనను తాను ఆరబెట్టుకొనుటకే వ్యయమగుచున్నదన్నమాట. చల్లారిన మంట పొగను పుట్టించును. ఆ పొగ పీల్చువారు పొయ్యి యెదుట కూర్చుండు స్త్రీలును వారి యొడిలోని బిడ్డలును. ఇండ్లలోని యిట్టి పొగ వలన 2020లో ప్రపంచమున ఇంచుమించు 32 లక్షలమంది మరణించిరని ప్రపంచ ఆరోగ్య సంస్థ అంచనా వేసినది. ఎండుకట్టె యైనను పొగలేనిది కాదు. కాని పచ్చికట్టెతో పోల్చిన పొగ మిక్కిలి తక్కువ.

కట్టె యెండినదో లేదో చూపుతో చెప్పుట కష్టము. కొనలు బీటలువాఱి, బెరడు వదులై, రెండు పేళ్లను తాటించినపుడు ఖణిల్లుమని మ్రోగినచో ఎండినదని పెద్దలు చెప్పుదురు. ఇంతకంటె నికరమైన మార్గము త్రాసు. కుప్పలోనుండి ఒక పేడు తీసి గుర్తుపెట్టి, వారమునకొకమాఱు తూచి వ్రాసికొనుడు. బరువు తగ్గుట ఆగినప్పుడు కట్టె యెండినట్లు. త్రాసులేని సంఘకార్యాలయము అరుదు గదా!

మొద్దును మొద్దుగానే యుంచిన ఏడాదియైనను లోపల తడి వదలదు. బెరడు ఆ నీటిని బయటికి పోనీయదు. గండ్రగొడ్డలితో చీల్చిన పిదపనే పేర్చవలెను. నేలమీద నేరుగా వేసిన అడుగువరుస చెదలపాలగును. రాళ్లమీదగాని ఇటుకలమీదగాని రెండు వాసములు పఱచి, నేలకు జానెడు ఎత్తున కుప్ప పేర్చుడు. రెండు కొనలయందును పేళ్లను ఒకవరుస అడ్డముగా, ఒకవరుస నిలువుగా పెట్టినచో ఊతకఱ్ఱలు లేకయే కుప్ప నిలుచును. రొమ్మెత్తు మించరాదు, పిల్లలు ఎక్కి ఆడుచోట కూలిన కుప్ప కాళ్లు విఱచును.

కప్పు విషయమున మనవారు తఱచు పొరపడుచుందురు. పట్టా తెచ్చి కుప్పను నేలదాక చుట్టివేసి, ఇక భయము లేదనుకొందురు. లోపలి తడి బయటికి పోవు దారిలేక కట్టెకు బూజుపట్టును. పైభాగమునకు మాత్రమే రేకో తాటాకో వాలుగా కప్పి, ప్రక్కలు గాలికి విడువవలెను. వానజల్లు నైఋతినుండి కొట్టును గావున కొట్టమునకు తూర్పుప్రక్క మేలు. కరెంటు తీగల క్రిందను, గడ్డివాము చెంతను, పొయ్యిబూడిద పాఱబోయు చోటను కుప్ప వేయరాదు.

ఇంటిగోడకు ఆనించి వేయుటయు తగదు. గాదె ప్రక్కన కట్టెలున్నచో ఎలుకలు కాపురముండును. ఎలుకల వెనుక పాము వచ్చును. మన దేశమున 2000 మొదలు 2019 వఱకు పాముకాటు వలన పండ్రెండు లక్షలమంది మరణించిరని పరిశోధకులు లెక్కగట్టిరి. అట్టి మరణములు ఎక్కువగా నున్న రాష్ట్రములలో తెలంగాణతో కూడిన ఉమ్మడి ఆంధ్రప్రదేశ మొకటి. కట్లపాము రాత్రివేళ నేలపై పండుకొన్నవారిని కఱచును. కాటు నొప్పియైనను తెలియకపోవచ్చును. కావున మంచము క్రింద కట్టెలు దాచు అలవాటు మానవలెను. కట్టెలు పగటివేళనే తెచ్చుకొనుడు. చేయిపెట్టుటకు ముందు కఱ్ఱతో కుప్పను తట్టుడు. చీకటి పడినచో దీపము లేక పోవలదు. కాటుపడినచో గట్టిగా కట్టుకట్టుట, కోయుట, నోటితో పీల్చుట, మంత్రమునకు పరుగెత్తుట చేయక, ఆ యవయవమును కదలనీయక, 108 బండిని పిలిచి విషవిరుగుడు మందున్న ఆసుపత్రికి చేర్చవలెను. తేళ్లకును ఇదే కుప్ప నెలవు. ఎఱ్ఱతేలు పసిబిడ్డల ప్రాణము తీయగలదు.

ఇంటిలోపల రెండుమూడు దినములకు చాలునంత కట్టె మాత్రముండిన చాలును. పూర్వము పొయ్యిమీది అటకపై కట్టెలు పెట్టెడివారు; పొయ్యివేడికి అవి మిగుల ఎండెడివి గాని, ఒక నిప్పురవ్వతో ఇల్లంతయు పోయెడిది. పొయ్యికి నాలుగడుగుల దూరమున, నేలకెత్తుగా నొక చిన్న చట్రము పెట్టి, చితుకులు ఒకవైపు, పేళ్లొకవైపు ఉంచుకొనుట మేలు.

ఇంతవఱకు చెప్పినది ఇంటికి సంబంధించినది. ఇక చెప్పబోవునది చేనికి సంబంధించినది. మా దృష్టిలో ఇదియే ముఖ్యము. ప్రత్తి తీసిన పిదప కట్టెను పీకి, మోపులు కట్టి, గట్టుమీదనో ఇంటివెనుకనో వంటకని పేర్చుట మన జిల్లాలలో ఆచారము. ఆ మోపులలో విచ్చని గుడ్డికాయలు వ్రేలాడుచుండును. వానిలో గులాబిరంగు కాయతొలుచు పురుగు నెలల తరబడి కదలక నిద్రించును. వానలు పడగానే రెక్కల పురుగై లేచి, మీ చేనిలో మొగ్గ తొడుగువేళకు చేరును. బీటీ ప్రత్తికి మన దేశమున 2002లోను, రెండు జన్యువుల రకమునకు 2006లోను అనుమతి లభించినవి. ఈ పురుగు రెంటికిని అలవాటుపడినది. మందులకు వేలు పోయుచు, దాని విత్తును మన దొడ్డిలో మనమే దాచిపెట్టుకొనుట తగునా?

ప్రత్తిపంటను డిసెంబరు చివరికి, మించిన జనవరిలోగా ముగించి, కట్టెను ట్రాక్టరుకు తగిలించు యంత్రముతో తుత్తునియలు చేసి నేలలో కలిపివేయుట ఉత్తమము. వంటకు వాడక తప్పనివారు గుడ్డికాయలన్నిటిని ఏఱి తగులబెట్టి, మిగిలిన కట్టెను వేసవిలోనే కాల్చివేయవలెను. మృగశిరనాటికి ఒక్క మోపైనను మిగులరాదు. వానకాలపు నిలువకు కందికట్టె, తుమ్మ, సర్కారు తుమ్మ ఉండనే యున్నవి. చెట్టు నఱకునపుడు మాత్రము 2002 నాటి జల, భూమి, వృక్ష పరిరక్షణ చట్టము క్రింద అనుమతి వలయు చెట్లు కలవని మఱువరాదు.

ఒకరి చేను శుభ్రముగా నుండి, ప్రక్క రైతు దొడ్డిలో మోపులున్నచో ప్రయోజనము స్వల్పము. రెక్కల పురుగునకు సర్వే నంబరు తెలియదు. కట్టె నఱకు యంత్రము ఒక్క రైతు కొనదగినది కాదు. సంఘము తరపున దానిని తెచ్చి, ఎకరమునకింత యని బాడుగ నిర్ణయించి, ఊరంతయు ఒకే వారమున పని ముగించుట సాధ్యమే. రాబోవు సర్వసభ్య సమావేశమున ఈ యంశమును చర్చకు పెట్టవలెనని సభ్యులు ముందుగానే కార్యదర్శికి వ్రాసి యీయవలయును.