షిప్ బాల్కనీలో ప్రైవేట్ భోజనం: మా అమ్మ కోసం బుక్ చేసి నేను తెలుసుకున్నవి

కర్నూలు నుంచి మాట్లాడుతున్నాను. ఈ ఎపిసోడ్ టాపిక్ క్రూజ్ షిప్ బాల్కనీలో ఇద్దరికే ప్రత్యేకంగా వేసే భోజనం. రీల్స్‌లో చూసే ఉంటారు. తెల్లటి గుడ్డ పరిచిన టేబుల్, వెనకాల సముద్రం, సూర్యాస్తమయం. నేనూ చూశాను, పడిపోయాను. ఈ ఏడాది జూన్‌లో మా అమ్మానాన్నల ముప్పయ్యో పెళ్లిరోజుకి చేయించాను కూడా. అయితే నేను అనుకున్నట్టు జరగలేదు. ఎందుకు జరగలేదో తర్వాత కూర్చుని లెక్క వేసుకుంటే, ముందే తెలిసి ఉండాల్సిన విషయాలు చాలా కనపడ్డాయి. అవే చెప్తాను.

ముందు ఇది ఏంటో చూద్దాం. షిప్‌లో గదులు స్థూలంగా మూడు రకాలు. కిటికీ లేనివి, కిటికీ ఉన్నా తెరుచుకోనివి, బాల్కనీ ఉన్నవి. బాల్కనీ అంటే మన ఇంటి ముందు వరండా అనుకోకండి. మామూలు గదికి ఉండేది నలభై యాభై చదరపు అడుగులు. రెండు కుర్చీలు, ఒక చిన్న టీపాయి పడతాయి, అంతే. ప్రైవేట్ డైనింగ్ అంటే ఆ టీపాయి తీసేసి, తినడానికి సరిపోయే టేబుల్ తెచ్చి, గుడ్డ పరిచి, ఒక మనిషి దగ్గరుండి ఒక్కో ఐటమ్ వేడివేడిగా వడ్డించడం. ప్రిన్సెస్ క్రూజెస్ అనే అమెరికన్ కంపెనీ దీన్ని 'అల్టిమేట్ బాల్కనీ డైనింగ్' అని పేరు పెట్టి అమ్ముతుంది. చాలా ఏళ్లు జంటకి డిన్నర్ 100 డాలర్లు ఉండేది, తర్వాత పెరిగింది. టికెట్‌లో ఉన్న భోజనం కాకుండా ఇది అదనం. అన్ని కంపెనీల్లో ఇట్లా పేరు పెట్టిన ప్యాకేజీ ఉండదు. కొన్నింట్లో మామూలు రూమ్ సర్వీసే ఉంటుంది, మనం అడిగితే కొంచెం అందంగా సర్దుతారు. నేను వెళ్లిన షిప్‌లో ఈ రెండో రకమే. కాబట్టి రీల్ చూసి డబ్బులు కట్టకండి. 'మా బాల్కనీలో డిన్నర్ టేబుల్ వేస్తారా, వడ్డిస్తారా, ఎంత' అని ముందే మెయిల్ పెట్టి, రాతపూర్వకంగా జవాబు తెచ్చుకోండి.

మనకి దగ్గర్లో యాడ ఎక్కాలి అంటే, వైజాగ్. 2022 జూన్‌లో వైజాగ్ నుంచి పుదుచ్చేరి, చెన్నై వైపు పెద్ద క్రూజ్ షిప్ నడిచింది. 2023 సెప్టెంబర్‌లో పోర్టులో ప్రత్యేకంగా క్రూజ్ టెర్మినల్ ప్రారంభించారు. మన తూర్పు తీరంలో ఈ ట్రిప్పులు ఎక్కువగా జూన్ నుంచి మొదలవుతాయి, ఎందుకంటే ఆ నెలల్లో నైరుతి రుతుపవనాలకి అరేబియా సముద్రం బాగా రేగి ఉంటుంది. ఈ నైరుతి అనే మాట గుర్తు పెట్టుకోండి, నా ప్లాన్ చెడగొట్టింది అదే.

ఇప్పుడు మా అమ్మ సంగతి చెప్పాలి, లేకపోతే మిగతాది అర్థం కాదు.

మాది కర్నూలు పాత ఊరు. 2009 అక్టోబర్ 2న తుంగభద్ర, హంద్రీ రెండూ ఊళ్లోకి వచ్చాయి. శ్రీశైలం డ్యాం డిజైన్ 19 లక్షల క్యూసెక్కులకి అయితే, ఆ రోజుల్లో 25 లక్షలు దాటి వచ్చింది. కింద నీళ్లు నిండి వెనక్కి ఎక్కాయి. నాకప్పుడు తొమ్మిదేళ్లు. మేం ముగ్గురం మిద్దె మీదికి ఎక్కాం. చుట్టూ ఎర్రటి నీళ్లు. రెండు రాత్రులు అక్కడే. అమ్మ పైకి తెచ్చుకోగలిగింది ఒక బొరుగుల సంచి, డబ్బాలో పప్పుల పొడి. అవే తిన్నాం. నాకు అది పిక్నిక్ లాగే గుర్తుంది, చెప్పడానికి సిగ్గే కానీ నిజం. అమ్మకి మాత్రం ఆ తర్వాత నీళ్లంటే పడదు. సంగమేశ్వరం పోయినా గుడి చూడ్డానికి నీళ్ల దగ్గరికి దిగదు, గట్టు మీదే కూర్చుంటుంది. 2019లో కచ్చులూరు దగ్గర గోదావరిలో లాంచీ మునిగినప్పుడు టీవీ ఆపేసింది.

అట్లాంటి మనిషిని షిప్ ఎక్కించాలని నాకెందుకు అనిపించింది? నాన్నకి కోరిక. ముప్పై ఏళ్లుగా 'షిప్ ఎక్కాలి' అంటూనే ఉన్నాడు. అమ్మ 'ఆయన కోసం వస్తా, లోపలే ఉంటా' అంది. నేను సరే అన్నాను. బాల్కనీ గది అని మాత్రం చెప్పలేదు. నేను చేసిన పెద్ద తప్పు ఇదే. గాలి సంగతి తర్వాత.

సరే, గాలి లెక్క. వైజాగ్ నుంచి దక్షిణానికి పోతుంటే షిప్‌కి కుడివైపు పడమర, ఎడమవైపు తూర్పు. షిప్ భాషలో కుడివైపుని స్టార్‌బోర్డ్, ఎడమవైపుని పోర్ట్ అంటారు. ముందుకు చూసి నిలబడితే వచ్చే కుడి ఎడమలు. సూర్యాస్తమయం కావాలి కదా అని నేను తెలివిగా కుడివైపు గది తీసుకున్నాను. మొదటి రోజు సాయంత్రం ఆరున్నరకి డిన్నర్. గాలి నైరుతి నుంచి వస్తోంది. అంటే ముందు నుంచి, అదీ మా వైపు నుంచే. షిప్ 15 నాట్ల మీద పోతోంది అనుకోండి, గంటకి సుమారు 28 కిలోమీటర్లు. ఎదురుగాలి ఇంకో 15 నాట్లు ఉంటే, బాల్కనీలో తగిలేది రెండూ కలిపి దాదాపు 56. బైక్ మీద స్పీడ్‌గా పోతూ భోజనం చేసినట్టు. సర్దడానికి వచ్చిన అబ్బాయి గుడ్డ పరిచాడు, అది లేచింది. గ్లాసు పెట్టాడు, పడింది. 'సార్, ఈ పూట కుదరదు' అన్నాడు. వాళ్ల తప్పు ఏం లేదు.

అమ్మ అప్పటికే తలుపు తీసి బయట చూసింది. ఏం అరవలేదు. మంచం మీద కూర్చుని, 'ఇది మిద్దెనే కదరా' అంది. 'చుట్టూ నీళ్లు, మధ్యలో మిద్దె. నాకు చెప్పకుండా తెచ్చినావు' అంది. నాన్న నా వైపు చూడలేదు. ముగ్గురం లోపల పరదా వేసుకుని తిన్నాం. బాగా బాధేసింది ఫ్రెండ్స్.

రాత్రి ఆ అబ్బాయే చెప్పాడు. తిరుగు ప్రయాణంలో షిప్ ఉత్తరానికి పోతుంది. అప్పుడు మా గది తూర్పు వైపుకి వస్తుంది, గాలి వెనక నుంచి వస్తుంది. షిప్ వేగం, గాలి వేగం ఒకే దిక్కున ఉంటే బాల్కనీలో తగిలేది చాలా తక్కువ. అంటే డిన్నర్ కాదు, పొద్దున టిఫిన్ పెట్టుకోవాలి. అది కూడా జూన్‌లో ఆ తీరంలో సూర్యుడు ఐదున్నర ప్రాంతంలోనే వస్తాడు కాబట్టి, ముందు రోజే ఆర్డర్ ఇవ్వాలి. గదిని మార్చకుండా, కేవలం రోజు మార్చుకుంటే పని అయిపోయేది. నాకు ముందు తట్టలేదు. మీరు ఏ రూట్ బుక్ చేసినా ఒకసారి మ్యాప్ తెరిచి, పోయే దిక్కు, వచ్చే దిక్కు, ఆ నెలలో గాలి దిక్కు చూసుకోండి. ఐదు నిమిషాల పని.

ఇంకా కొన్ని త్వరగా చెప్తాను. కొన్ని బాల్కనీల ముందు లైఫ్‌బోట్ వేలాడుతుంటుంది, సముద్రం బదులు నారింజ రంగు పడవ కనపడుతుంది. డెక్ ప్లాన్‌లో గది నంబర్ వెతికి చూసుకోండి, రేటు తక్కువ అని ఎగబడకండి. కడుపులో తిప్పే వాళ్లు మధ్యలో, కింది అంతస్తులో గది తీసుకోవాలి, అక్కడ ఊపు తక్కువ. కొవ్వొత్తులు తీసుకుపోకండి, షిప్‌లో మంట అంటే అస్సలు ఒప్పుకోరు, బ్యాటరీవి ఇస్తారు. ఇంటి వంట చాలా షిప్‌ల్లో లోపలికి పంపరు. వెజ్, ఉల్లి వెల్లుల్లి లేకుండా కావాలంటే బుకింగ్ అప్పుడే చెప్పాలి, టేబుల్ దగ్గర చెప్తే సలాడే దిక్కు. బాల్కనీ తలుపు తెరిచి పెడితే చాలా గదుల్లో ఏసీ ఆగిపోతుంది, పైగా గది తలుపు తీయగానే గాలి సుడి తిరిగి ఢామ్మని కొట్టుకుంటుంది, వేళ్లు జాగ్రత్త. తిన్న ఆకు, టిష్యూ ఏదీ కిందికి విసరకండి, అది సముద్ర చట్టం ప్రకారం నేరం. షిప్ యాప్ పోర్టులో సిగ్నల్ ఉన్నప్పుడే డౌన్‌లోడ్ చేసుకోండి.

మళ్లీ మా కథ. తిరుగు ప్రయాణంలో నేను అమ్మని అడిగాను. ఈసారి దాచకుండా, ఏం జరుగుతుందో అంతా చెప్పి అడిగాను. 'టేబుల్ సగం లోపల, సగం బయట వేయమను' అంది. ఆ అబ్బాయి అట్లాగే వేశాడు. నాన్న బయట కుర్చీలో, అమ్మ గడపకి ఇవతల. ఇడ్లీ, పోహా, కాఫీ. గాలి నిజంగానే లేదు, గుడ్డ కదల్లేదు. సూర్యుడు వచ్చాడు. నేను లోపల మంచం మీద ఉన్నాను, వీడియో తీయలేదు, అందుకే ఈ ఎపిసోడ్‌లో ఆ క్లిప్ లేదు.

అమ్మ పోహా కొంచెం తిని, 'ఉప్పు లేదు. బొరుగులైతే బాగుండు' అంది. నాన్న నవ్వాడు. అప్పుడు ఆయన తొలిసారి ఒక సంగతి చెప్పాడు. ఆ మిద్దె మీద రెండో రాత్రి బొరుగులు అయిపోయాయని, అమ్మ తనది తినకుండా దాచి మా ఇద్దరికీ పెట్టిందని. 'నీకు తెలుసా ఆ సంగతి?' అంది అమ్మ. 'అప్పుడే తెలుసు' అన్నాడు నాన్న. కాసేపు ఎవరూ మాట్లాడలేదు. తర్వాత అమ్మ తన కుర్చీని ముందుకి జరిపింది. ముందు కాళ్లు రెండూ గడప దాటాయి, వెనక కాళ్లు లోపలే.

కాఫీ అయ్యేదాకా అట్లాగే కూర్చుంది.

డెక్ ప్లాన్ ఎట్లా చదవాలి, లైఫ్‌బోట్ అడ్డం వచ్చే గదుల్ని ఎట్లా గుర్తు పట్టాలి అనేది వచ్చే ఎపిసోడ్‌లో స్క్రీన్ మీద చూపిస్తాను. ఉంటాను మరి.